పాతగుడ్డల వాక్యం

సింహాల నోళ్లు మూయించిన కథ మీ అందరికీ తెలుసు. అగ్నిగుండంలో వేసిన ముగ్గురు తలవెంట్రుకైనా కమరకుండా నడిచొచ్చిన కథా తెలుసు. చేప కడుపులో మూడు రోజులున్నవాడి కథైతే చంటిపిల్లలు కూడా చెబుతారు. నేను చెప్పేది వాటి పక్కన నిలబడడానికి సిగ్గుపడేంత చిన్నది. ఒక ప్రవక్తను బురదగుంటలోకి దించేస్తే, రాజుగారి కొలువులో పనిచేసే పరదేశి ఒకడు పాతగుడ్డలూ తాళ్లూ పట్టుకొచ్చి పైకి లాగాడు. అంతే కథ. అందులో దేవదూత దిగిరాడు, సముద్రం చీలదు. పాతగుడ్డలుంటాయి.

మేం పాతగుడ్డలవాళ్లం. అందుకే మాకు ఆ కథంటే ప్రాణం.

మా షెడ్డుకి లారీల్లో పాతబట్టలు వచ్చేవి. చొక్కాలు, దుప్పట్లు, ఆసుపత్రి పక్కగుడ్డలు, కార్ఖానా మనుషులు వేసి వేసి వదిలేసిన మందపాటి ప్యాంట్లు. వాటిని ఉతికి, ఆరేసి, గుండీలు కోసి, కుట్లు విప్పి, జానెడేసి ముక్కలు చేసి మూటలు కడితే, యంత్రాలు తుడుచుకోవడానికి కొనుక్కెళ్లేవాళ్లు. మెత్తటి నూలు ముక్క ఒకటో రకం. కాలర్లు, అంచులు, నడుంపట్టీలు, కుట్టున్నది ఏదైనా సరే, యంత్రాన్ని గీకుతుందని తుక్కులో పడేసేవాళ్లం. కత్తెర చేతికిచ్చిన మొదటిరోజే మేస్త్రిగారు చెప్పే మాట ఒకటుండేది: "మెత్తనిది మనది, గట్టిది తుక్కుది." ఏళ్ల తరబడి చేశాక ఆ మాట బుర్రలోంచి చేతుల్లోకి దిగిపోతుంది. బస్సులో కూర్చుంటే పక్కావిడ కొంగు అంచు మీదికి నా వేళ్లు వాటంతటవే వెళ్లేవి. ఎన్నిసార్లు తిట్లు తిన్నానో!

మా వదినకు చదువొచ్చు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచాక ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో పరిశుద్ధ గ్రంథం పట్టుకుని అందరికీ వినిపించేది. నాకు అక్షరాలు కలుపుకుంటూ పోయేసరికి మొదటి మాట మరిచిపోతాను. కానీ చెవిన పడ్డది మాత్రం పోదు. వదిన ఒక్కసారి చదివితే చాలు, మధ్యలో ఎక్కడ దగ్గిందో కూడా పదేళ్ల తర్వాత చెప్పగలను.

ఆ కథ మొదటిసారి చదివిన రోజు నాకు నిన్నటిలా ఉంది. మాలో అందరికంటే పెద్దది గుండీల అవ్వ. గుండీలు కోసే పని ఆమెది, నోరు మాత్రం కత్తెర కంటే పదును. వదిన చదువుతుంటే అవ్వ చెయ్యెత్తి ఆపేసింది.

"ఆగాగు. ఏం గుడ్డలందే?"

"పాతవి, చివికిపోయినవి అవ్వా. ఖజానా కింద గదిలోంచి తెచ్చాడట."

"అయితే రాజుగారికీ మనలాంటి షెడ్డుందన్నమాట! అక్కడ మేస్త్రి ఎవరో పాపం."

అందరూ పొలమారేలా నవ్వారు. వదిన నవ్వాపుకుని మిగతాది చదివింది. ఆ పరదేశి గుడ్డలు కిందికి దించి, ముందు ఇవి చంకల కింద పెట్టుకో, ఆ మీద తాడు వేసుకో అని చెప్పాడట.

అవ్వ కాసేపు నమలడం మానేసింది. "ఎంత ఒడుపు తెలిసినవాడే తల్లీ," అంది. "లాగేవాడు తాడు సంగతి చూస్తాడు. తాడు ఎక్కడ కోస్తుందో చూసినవాడు వీడొక్కడే."

అప్పటినుంచి మా షెడ్డులో అదొక ఆనవాయితీ అయిపోయింది. కొత్తగా ఎవరు చేరినా కత్తెర ఇచ్చేది మేస్త్రిగారు, ఆ కథ చదివి వినిపించేది మా వదిన. ఆయనకు దేవుడి గొడవ పట్టదు. అయినా ఆ ఒక్కదానికి మాత్రం గుమ్మంలో నిలబడి వినేవాడు.

ఇక అసలు సంగతి. మా అన్నయ్య అదే షెడ్డులో మూటలు కట్టేవాడు. భారీ మనిషి. ముక్కల కుప్పను పెట్టెలో తొక్కి తొక్కి, మోకుతో బిగించి మూట చేసేవాడు. షెడ్డు వెనక, ఉతుకుడు తొట్ల పక్కన, సిమెంటు వరలు దించిన బావి ఒకటుండేది. ఐదారు నిలువుల లోతు. నీళ్లు తగ్గే నెలలో ఏటా పూడిక తీయించేవాళ్లు. సబ్బుమడ్డి, గుడ్డల పీచు, మట్టి, అన్నీ అడుగున చేరి గారెపిండి కంటే జిగటగా తయారయ్యేవి. ఆ ఏడు పూడిక తీసే మనిషి జ్వరంతో రాలేదు. తొట్లలో నీళ్లు లేక రెండు రోజులనుంచి ఉతుకుడు ఆగిపోయింది.

"ఎవరైనా దిగుతారా?" అన్నాడు మేస్త్రిగారు, గట్టిగా కాదు, ఊరికే గాలిలోకి అన్నట్టు.

అన్నయ్య మీసం నిమురుకున్నాడు. నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు.

"నువ్వా? బావిలో దిగడమంటే మూటలు తొక్కడం కాదు అన్నయ్యా. నీ వల్ల కాదులే. పొట్ట మొదటి వరలోనే ఇరుక్కుంటుంది."

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. వదిన మాత్రం "నీ నోరు పడ, ఎందుకే ఆయన్ని ఎగదోస్తావ్?" అని నా వీపున ఒకటి వేసింది.

అన్నయ్య లేచి చొక్కా విప్పాడు. నీలం చొక్కా, వదిన కుట్టించింది. దాన్ని నా ఒళ్లో పడేసి, "పట్టుకో. అలవాటు కొద్దీ కుట్లు విప్పేయకు. ఇది ఇంకా బతికే ఉంది," అన్నాడు.

అదీ వెళ్తూ వెళ్తూ వాడన్న మాట.

ముందు లాంతరు దించి చూశారు. ఆరలేదు, గాలి మంచిదే. వర గోడకు దిగ్గొట్టిన ఇనుప మెట్ల మీద దిగాడు. గిలక మీద బకెట్టు కిందికి పోవడం, బురదతో పైకి రావడం, ఓ గంట సాఫీగా సాగింది. నేను షెడ్డులోకి వచ్చి నా పీట మీద కూర్చున్నాను.

బస్తా జారిపడ్డట్టు ఒక చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడమే నన్ను లేపి పరిగెత్తించింది. నేను వెళ్లేసరికి బావి చుట్టూ మగవాళ్లు బోర్లా పడుకుని లోపలికి చూస్తున్నారు. అడుగున ఒక వర పగిలి, దాని వెనకున్న మట్టంతా అన్నయ్య మీదికి వచ్చేసింది. పైనున్న వర ఒక పక్కకి ఒరిగి వాడి తలకు ఎగువన వేలాడుతోంది. ఎవరైనా మెట్టు మీద కాలేస్తే అది ఊడి కింద పడుతుంది.

"ఉన్నావురా?" అని అరిచాడు మేస్త్రిగారు.

కాసేపటికి లోపల్నుంచి జవాబొచ్చింది. "సగం ఉన్నాను. నడుం కిందది కనబడట్లేదు."

మనిషి ఉన్నాడు, మాట ఉంది. నా కాళ్లు మాత్రం నిలవలేదు. బావి దగ్గరికి, అక్కణ్ణుంచి గేటు దగ్గరికి, మళ్లీ బావికి, అలా తిరుగుతూనే ఉన్నాను. గుమాస్తా ఫోన్ చేశాడు. మంటలార్పేవాళ్ల బండి ఇంకెక్కడికో వెళ్లిందట, మూడు గంటలు పడుతుందట. మూడు గంటలే కదా అని ఎవరో అన్నారు. అప్పుడే కింద నుంచి అన్నయ్య అన్నాడు, "మేస్త్రిగారూ, పక్కన ఊట పడింది. నీళ్లొస్తున్నాయ్."

రెండు రోజులనుంచి నీళ్లు లేవని ఏడ్చిన బావి అది! మాకు కావలసినప్పుడు చుక్క రాలేదు, వద్దన్నప్పుడు ఊరుతూ వచ్చింది.

మగవాళ్లు మోకు దించారు. అన్నయ్య చంకల కింద వేసుకుని ముడివేశాడు. ఎనిమిదిమంది పట్టి ఐలెస్సా అని ఒక్క ఊపు లాగారు. లోపల్నుంచి వచ్చిన కేక నేను చచ్చేదాకా మరిచిపోను. మోకు చర్మంలోకి దిగిపోయింది, మనిషి మాత్రం వేలెడు కదల్లేదు.

"వదలండి! చేతులు ఊడొస్తాయి గానీ కాళ్లు రావు!"

వదిలేశారు. ఇక నీళ్లన్నా ఎక్కనివ్వకూడదని మేస్త్రిగారు రెండు బకెట్లు దింపించాడు. కింద అన్నయ్య నింపడం, పైన మేం వరసగా అందుకుని పారబోయడం. నేనూ వరసలో చేరాను. కాళ్లు తిరగడం మాని చేతులు తిరగడం మొదలైంది, కాస్త నయమనిపించింది. కానీ వరసలో నా వంతు వచ్చేలోపు ఉన్న ఆ నాలుగు క్షణాలుందే, అది భరించలేకపోయాను. భుజాన అన్నయ్య చొక్కా ఉంది. వేళ్లు దాని మీదికి పోయాయి.

వదిన బావి పక్కన రాయిలా కూర్చుంది. పెదవులు కదలట్లేదు, కళ్లు మూయట్లేదు. నాకు ఒళ్లు మండింది. రోజూ అంత చదివే మనిషి, ఇప్పుడు ఒక్క మాటైనా అడగదేం దేవుణ్ణి? ఒక బకెట్టు అవతలికిచ్చి, ఆమె ముందు నిలబడి అనేశాను కూడా.

"సింహాల నోళ్లు మూసినాయన ఈ ఊట నోరు మూయలేడా వదినా? అడగవేం?"

వదిన నా మొహం చూడలేదు. నా చేతుల కేసి చూస్తోంది.

"అదేంటే," అంది మెల్లగా.

చూసుకున్నాను. చొక్కాకు గుండీలు లేవు. ఒకటి, రెండు, అయిదూ నా పిడికిట్లో ఉన్నాయి. కాలరు ఊడి వేలాడుతోంది. పక్క కుట్టు సగందాకా విప్పేశాను. కత్తెర లేదు, గోళ్లతోనే, నాకు తెలియకుండానే. మేం కుట్లు విప్పేది ఎవరూ వేసుకోని బట్టలకి. మనిషున్న చొక్కాను అలా చేయం. బతికే ఉందని చెప్పి మరీ ఇచ్చాడు కదా వాడు!

విప్పిన కుట్టును మళ్లీ దగ్గరికి చేర్చాలని రెండు చేతులతో లాగాను. లాగితే గుడ్డ పర్రున చిరిగింది. అంచు చిరగలేదు. ఆ కుట్టున్న అంచు తాడులా బిగుసుకుని నా వేళ్లను కోసింది.

గ్రంథంలోని పరదేశి నాకు అప్పుడు గుర్తొచ్చాడు. గుర్తొచ్చాడనడం కూడా తప్పే. వదిన గొంతుతోనే, అప్పుడు ఆమె దగ్గిన దగ్గుతో సహా చెవిలో వినబడ్డాడు.

"గుడ్డలు!" అని అరిచాను. "చంకల కింద గుడ్డలు! ముందు గుడ్డలు, ఆ మీద తాడు!"

షెడ్డు ఆడవాళ్లకు అంతకంటే చెప్పనక్కర్లేదు. అందరూ ఒక్కసారే లోపలికి పరిగెత్తారు. తిరిగొచ్చినప్పుడు చేతుల నిండా ఒకటో రకం తెల్లటి నూలు. ఏరి, ఉతికి, ఆరబెట్టి, వెన్నలాంటి ముక్కలు. ఎవర్నీ తప్పుపట్టలేం. మంచిదేదైనా ఇవ్వాలంటే మా చేతులకు తెలిసింది అదొక్కటే. మూట చేసి దించారు. అన్నయ్య చంకల్లో పెట్టుకుని మోకు వేసుకున్నాడు. మెల్లగా లాగారు. తడిసిన మెత్తటి గుడ్డ ఉండ చుట్టుకుని ఇటొకటి అటొకటి జారి నీళ్లలో పడిపోయింది. మోకు మళ్లీ పాత పుండు మీదికే వచ్చింది.

"చెల్లీ!" అని కింద నుంచి అన్నయ్య. "పసిపిల్లకి పరిచే పక్క దించారేంటే? నాకు మొలతాడు కావాలి."

వాడి గొంతు సన్నబడింది. నీళ్లు పొట్ట దాటాయి.

"మెత్తనివి కాదు," అన్నాను. నా మాట నాకే కొత్తగా ఉంది. "తుక్కు తెండి. నడుంపట్టీలు!"

గుండీల అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత ఆ వయసులో ఆమె పరుగెత్తడం చూడాలి! తుక్కు గంప తలకిందులు చేసింది. కార్ఖానా ప్యాంట్ల నడుంపట్టీలు, నాలుగు పొరలు వేసి కుట్టినవి, యంత్రాన్ని గీకుతాయని మేం విసిరికొట్టినవి, గుట్టగా పడ్డాయి. ఆడవాళ్లం నేలమీద కూలబడి మూడేసి కలిపి జడలల్లాం. నా జీవితంలో అంత వేగంగా ఏ పిల్లకీ జడ వేయలేదు. అరచేతి వెడల్పున రెండు పట్టీలు తయారయ్యాయి. వాటిని ఒకదానికొకటి బిగించి, చంకల కిందినుంచి రొమ్ము చుట్టూ వచ్చేలా తొడుగులా చేశాం. మోకు దాని మీద నడిచేలా అవ్వ మూటలు కుట్టే దబ్బనంతో నాలుగు చోట్ల పట్టు వేసింది.

దించాం. అన్నయ్య తొడుక్కున్నాడు. మోకు బిగించారు. మేస్త్రిగారు చెయ్యెత్తి, "మెల్లగా... పట్టి ఉంచండి..." అన్నాడు.

ఈసారి కేక రాలేదు. "నొప్పి లేదు," అన్నాడు అన్నయ్య. "కానీ కదలట్లేదు."

అప్పుడు మాకు చేయడానికి ఏమీ మిగల్లేదు. గుడ్డలయ్యాయి, తాడయింది. ఆ ప్రవక్త పైకొచ్చేశాడు, మా అన్నయ్య రాలేదు. నేను మళ్లీ బకెట్ల వరసలోకి దూకాను. తోడు, పొయ్యి, తోడు, పొయ్యి. బకెట్టు సగమే నిండి వస్తుంటే కింద వాడి చేతులు అలిసిపోతున్నాయని తెలిసి ఇంకా వేగంగా తోడాను.

"ఆగండి," అన్నాడు అన్నయ్య.

ఎవరూ ఆగలేదు.

"వినండ్రా! మీరు తోడితే బిగుసుకుంటోంది. నీళ్లు ఎక్కినప్పుడు కాలివేళ్లు కదులుతున్నాయి. ఇందాక కూడా కదిలాయి. మీరు తోడేశారు, మళ్లీ సిమెంటులా పట్టేసింది. తోడకండి."

బావి చుట్టూ అందరూ మొహాలు చూసుకున్నారు. మేస్త్రిగారు బావిలోకి వంగాడు.

"తోడకపోతే నీళ్లు మెడకొస్తాయి రా!"

"రానీండి. మట్టి వదులైతే లాగుతారు."

"కాకపోతే?"

మేస్త్రిగారు మా వదిన వైపు తిరిగాడు. అంత పెద్దమనిషి, నలభైమందికి పని చెప్పేవాడు, ఆవేళ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "అమ్మా, బండి వచ్చేదాకా తోడుతూ ఉందామా? ఇంకా గంటన్నర. ఏమంటావ్? నువ్వు ఎలా అంటే అలా."

గంటన్నర నింపడానికి అన్నయ్య చేతుల్లో సత్తువ లేదు. అది వదినకు తెలుసు, నాకు తెలుసు. అయినా నా చేతిలో బకెట్టు నేను వదల్లేదు. ఇంకోటి తోడదామని మళ్లీ దించబోయాను. వదిన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇవ్వు."

"వదినా, మునిగిపోతాడు!"

"ఇవ్వవే. ఇందాక ఊట నోరు మూయమని అడగమన్నావుగా? అడిగాను. మూయలేదు. ఆయన నీళ్లు పంపిస్తుంటే మనం తోడిపారేస్తున్నామేమో." బకెట్టు అంచు పట్టుకుంది. "చేతులు ఊరుకోకపోతే వెళ్లి తాడు పట్టుకో."

బకెట్టు లాక్కుని బోర్లించి దానిమీదే కూర్చుంది. బావిలోకి వంగి పిలిచింది.

"ఏమండీ, తోడడం ఆపేశాం. కాళ్లు ఆడించండి. ఊరికే ఉండొద్దు."

"ఇంట్లోనూ ఇదే మాట," అన్నాడు కింద నుంచి. ఎవరో నవ్వబోయి ఏడ్చారు.

తాడు పట్టుకున్నాను. గ్రంథంలో ముప్ఫైమంది మగవాళ్లను తీసుకెళ్లమన్నాడట రాజు. మాకు పదకొండుమంది మగవాళ్లు, తక్కినవాళ్లమంతా ఆడవాళ్లమే. లాగకూడదు, వదలకూడదు, బిగువుగా పట్టి నిలబడాలి. పరిగెత్తమంటే పరిగెత్తేదాన్ని, మోయమంటే కొండైనా మోసేదాన్ని. కదలకుండా నిలబడమన్నారు చూడండి, దానంత శిక్ష లేదు. నా ముందు మేస్త్రిగారి వీపు, చెమటతో తడిసిన చొక్కా. నా కళ్లు ఆ చొక్కా కుట్ల వెంట తిరుగుతూనే ఉన్నాయి. భుజం కుట్టు, చంక కుట్టు, మళ్లీ భుజం కుట్టు.

వదిన పైనుంచి చూసి చెబుతోంది. "రొమ్ము దాకా వచ్చాయ్." కాసేపటికి, "భుజాలు." నాకు మనసులో ప్రార్థన కుదరలేదు. నీ వల్ల కాదులే, నీ వల్ల కాదులే, అని పొద్దున నేనన్న మాటే నాలుకమీద తిరుగుతోంది. చివరికి అదే పైకి చెప్పేశాను. నా వల్ల కాదు ప్రభువా, వాడి వల్ల కాదు, మేస్త్రి వల్లా కాదు. ఇక మిగిలింది నువ్వే.

"గడ్డం," అంది వదిన.

కింద నుంచి నీళ్లు కొడుతున్న చప్పుడు మాత్రమే, చేప దొర్లినట్టు.

అప్పుడు తాడు నా చేతుల్లో ఒక్క వేలెడు ఇటు వచ్చింది. నేను లాగలేదు, ఎవరూ లాగలేదు. దానంతటదే వచ్చింది.

"ఒక కాలు!" అన్నాడు అన్నయ్య, నోట్లో నీళ్లతో. "ఒక కాలొచ్చింది!"

"పట్టండి!" అని మేస్త్రిగారు గొంతు చించుకున్నాడు. "మెల్లగా! జానెడు జానెడు! ఐలెస్సా!"

జానెడు. మళ్లీ జానెడు. బురద వదులుతున్న చప్పుడు పైదాకా వినిపించింది, పెద్ద పశువు బురదలోంచి కాలు పీక్కున్నట్టు. తర్వాత తాడు ఒక్కసారి తేలికైపోయి, మేమంతా వెనక్కి ఒకరిమీద ఒకరు పడ్డాం. పడ్డా ఎవరూ తాడు వదల్లేదు. లేచి లాగాం. ఒరిగిన వరను తప్పించడానికి ఇద్దరు మగవాళ్లు పొడవాటి వెదురుకర్రలతో మోకును ఇవతలి గోడకు తోసిపట్టారు. ముందు మా అన్నయ్య తల కనబడింది, మట్టితో చేసిన బొమ్మలాగ, ఆ కింద నడుంపట్టీల జడలు. గట్టు మీదికి లాగి పడుకోబెట్టాం.

మరో అరగంటకి ఆ ఒరిగిన వర దానంతటదే ఊడి బావిలో పడింది. ఆ చప్పుడు విని మేస్త్రిగారు తల మీద చేతులు పెట్టుకుని తొట్టి పక్కన కూర్చుండిపోయాడు. మంటలార్పేవాళ్ల బండి అప్పుడే గేట్లోకి వచ్చింది.

వదిన అన్నయ్య మొహం కొంగుతో తుడిచింది, తర్వాత అదే చేత్తో చెంపమీద ఒకటి వేసింది, తర్వాత ఏడ్చింది. నేను కాస్త దూరంగా, చిరిగిన చొక్కా వెనక దాచుకుని నిలబడ్డాను. అన్నయ్య కళ్లు తెరిచి నన్ను వెతికాడు.

"దిగడం నా వల్ల అయింది, చూశావా?" అన్నాడు. "ఎక్కడమే నా వల్ల కాలేదు."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. వాడు చెయ్యి చాపాడు.

"చొక్కా ఇవ్వవే, చలేస్తోంది."

ఏమివ్వను? గుండీలు లేని, కాలరు వేలాడే, పక్కన చీలిపోయిన గుడ్డ వాడి చేతిలో పెట్టాను. తిప్పి చూశాడు. మొహంలో రంగు మారింది. మా షెడ్డు మనిషి కదా, కుట్లు విప్పిన చొక్కా అంటే ఏమిటో వాడికి చెప్పనక్కర్లేదు.

"నన్ను తుక్కులో వేసేశావటే?" అన్నాడు.

"నేను కాదు అన్నయ్యా, వేళ్లు!"

గుండీల అవ్వ పక్కనుంచి అందుకుంది. "తుక్కులో వేసింది కాబట్టే బతికావురా. ఆ జడలెక్కడివనుకున్నావ్?"

వాడు రెండు నెలలు కాళ్లు సరిగ్గా మోపలేకపోయాడు. చంకల కింద మొదటి మోకు కోసిన గాట్లు చచ్చేదాకా పోలేదు. షెడ్డుకు తిరిగొచ్చిన రోజు కూడా మెత్తగా నడిచాడు, నేల మీద నమ్మకం లేనట్టు. ఆ మధ్యాహ్నం నేనే అడిగి ఆ కథ మళ్లీ చదివించాను. నాకొక అనుమానం పట్టుకుంది.

"పైకొచ్చాక ఆ ప్రవక్త ఇంటికి వెళ్లాడా వదినా?"

వదిన వేలు పెట్టి చూసింది. "లేదే. కావలివాళ్ల ముంగిట్లోనే ఉన్నాడట."

"అంటే మళ్లీ చెరలోనే?"

"మళ్లీ చెరలోనే."

"మరి లాగినవాళ్ల చేతులు బొబ్బలెక్కాయని ఎక్కడైనా రాసుందా?"

"లేదు."

"రాయాల్సింది," అన్నాను. నా అరచేతుల్లో ఆ బొబ్బల మచ్చలు అప్పటికింకా పోలేదు.

బావిలోంచి వాడిని తీసిన రోజు సాయంత్రమే నేను ఆ నీలం చొక్కా కుట్టడానికి కూర్చున్నాను. విప్పడమే తప్ప కుట్టడం ఎరగని చేతులవి. పక్క కుట్టు పాము పాకినట్టు వచ్చింది. అయిదు గుండీల్లో నాలుగే దొరికాయి, అయిదోది తాడు పట్టుకున్నప్పుడు ఎక్కడో జారిపోయింది. గుండీల అవ్వ తన డబ్బాలోంచి వెతికి ఒకటిచ్చింది, గోధుమరంగుది. నీలం చొక్కాకి గోధుమరంగు గుండీ. వాడు దాన్ని చివికిపోయేదాకా వేసుకున్నాడు. చివికిపోయాక వదిన నా దగ్గరికే తెచ్చింది.

ముక్కలు చేయలేదు. నడుంపట్టీల జడల తొడుగు పక్కనే పెట్టెలో ఉంది. ఎప్పుడైనా నిద్ర పట్టక లేస్తే, తీసి, ఆ వంకర కుట్టును రెండు చేతులతో లాగి చూస్తాను. ఇంతవరకూ ఊడలేదు.